తీసెయ్యమన్న నాలుగు లైన్లు

మా ఫ్యాక్టరీలో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. దుమ్ము లోపలికి రాకూడదు కాబట్టి. జగ్గయ్యపేట చుట్టుపక్కల దుమ్ము సంగతి తెలిసినవాళ్ళకి ఆ నియమం ఎంత న్యాయమైనదో వేరే చెప్పక్కర్లేదు. సున్నపురాయి పొడి చెట్ల ఆకుల మీద, బస్సు సీట్ల మీద, మా తలల్లో, మంచినీళ్ళ కుండ మూత మీద కూడా ఉండేది. తలుపు పక్కన చెప్పుల స్టాండు, దాని పైన బోర్డు. స్వీపరు దగ్గర్నుంచి హైదరాబాదు నుంచి వచ్చే మెషీను కంపెనీ ఇంజనీరు దాకా అందరూ చెప్పులు విప్పేవాళ్ళు. మా మేనేజరు మాత్రం బూట్లతో వచ్చేవాడు. ఆయన వెళ్ళాక గది పొడవునా తెల్లటి అడుగులు కనపడేవి. ఎవరైనా వాటి వంక చూస్తే "ఆ బోర్డు రాయించింది నేనేగా" అనేవాడు.

నాది నందిగామ. నాన్న మిషన్ స్కూల్లో ఎలిమెంటరీ టీచరు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, విజయవాడలో కంప్యూటరు డిప్లొమా పూర్తిచేసి, ఎనభైల చివర్లో ఆ సిమెంటు ఫ్యాక్టరీలో ప్రోగ్రామరుగా చేరాను. పొద్దున్నే నందిగామ బస్టాండులో ఎర్రబస్సెక్కి చిల్లకల్లులో దిగితే, అక్కడికి ఫ్యాక్టరీ బస్సు వచ్చేది. ఆర్డరులో ప్రోగ్రామరు అనే ఉంది. కానీ ఎవరైనా పెద్దవాళ్ళు గది చూడటానికొస్తే మేనేజరు నన్ను చూపించి "మా టైపిస్టమ్మాయి" అనేవాడు. మొదటిసారి పొరపాటనుకున్నాను. తర్వాత అనుకోలేదు.

గదిలో నాతోపాటు పనిచేసే సీనియరు ఒకాయన ఉండేవాడు. చిల్లకల్లు రైతు కుటుంబం. టైమాఫీసులో గుమాస్తాగా చేరి, కంప్యూటరు వచ్చినప్పుడు ఇటు మారినవాడు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అని పిలిచేవాడు. మా బంధువులు కూలికెళ్ళే పొలాల్లో వాళ్ళ పొలాలూ ఉన్నాయి. అయినా మధ్యాహ్నం నా క్యారేజీలోంచి కూర వేసుకుని తినేవాడు, తన గిన్నెలోది నాకు వడ్డించేవాడు. అదేం గొప్ప విషయమా అని ఈ కాలంవాళ్ళు అనుకోవచ్చు. ఆ క్యాంటీన్లో ఎవరెక్కడ కూర్చుని తినేవాళ్ళో చూసినదాన్ని నేను. నాకు ఆయనంటే గౌరవం ఉండేది. తర్వాత జరిగినదానికి నేనంత బాధపడటానికి అదొక కారణం.

లారీలకి కొత్త పద్ధతి నంబర్లు రావటం మొదలైంది అప్పుడే. పాత నంబర్లు పొట్టివి. కొత్తవి రాష్ట్రం, జిల్లా అన్నీ కలుపుకుని పొడుగ్గా వచ్చాయి. మా ప్రోగ్రాముల్లో లారీ నంబరుకి ఉంచిన చోటు చాలలేదు, పెంచాం. అయితే ఒక్కచోట పెంచితే అయిపోదు. ఆ నంబరుని వాడుకునే ప్రతి ప్రోగ్రామునీ మళ్ళీ కంపైలు చేయాలి, అంటే మనం రాసిందాన్ని మెషీను నడపగలిగే రూపంలోకి మళ్ళీ మార్చాలి. ప్రోగ్రాములేమో బోలెడు. ఏది దేన్ని వాడుకుంటుందో బుర్రలో పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాం. ఒకటి మిగిలిపోయింది. మర్నాడు పొద్దున గేటుపాసుల మీద లారీ నంబర్లు చివర్లు తెగిపోయి వచ్చాయి.

పాసు మీద నంబరు, బండి మీద నంబరు ఒకటి కాకపోతే వాచ్‌మన్ గేటు తియ్యడు. అది అతని ఉద్యోగం. సిమెంటు లోడుతో లారీలు లోపల ఆగిపోయాయి, ఖాళీవి బయట రోడ్డు మీద బారులు తీరాయి. నేను బయటికెళ్ళేసరికి ఒక డ్రైవరు పాసు గాల్లో ఊపుతూ అరుస్తున్నాడు.

"నా బండి నంబరు సగం మింగేశారేంటండీ? మిగతా సగం ఎవడి బండికి తగిలించారు?"

నాకు నవ్వొచ్చేదే, మేనేజరు అక్కడికి రాకపోతే. అంతమంది డ్రైవర్లు, క్లీనర్ల ముందు నన్ను వేలెత్తి చూపించి, "ఆడపిల్లలకి ఇలాంటి పనులు ఇవ్వద్దని హెడ్డాఫీసుకి అప్పుడే చెప్పా. వింటేగా" అన్నాడు. ఆ పని నేనూ అన్నయ్యగారూ కలిసి చేసిందే. మేనేజరు ఆయన పేరు ఎత్తలేదు. ఆ తెగిన నంబర్లు చేత్తో దిద్ది, పాసుల మీద సంతకాలు పెట్టి లారీలన్నీ పంపేసరికి ఎండ నెత్తికొచ్చింది.

ఇలాంటి తప్పు జరగకుండా చూసే ప్రోగ్రాం ఒకటి ఉంటుందని నేను డిప్లొమాలో చదివాను. ఏ ఫైలు దేని మీద ఆధారపడుతుందో దానికి ఒక్కసారి రాసిపెడితే చాలు. అది ఫైళ్ళ తారీఖూ టైమూ చూసి, ఏది మారిందో పట్టుకుని, దాన్ని వాడుకునేవన్నీ తనే మళ్ళీ కంపైలు చేస్తుంది. మనం మరిచిపోయినా అది మరిచిపోదు. మెషీను కంపెనీ ఇంజనీరుని అడిగితే, "అది వేరే సెట్‌లో వస్తుందండి. మీవాళ్ళు ఆ సెట్ తీసుకోలేదు" అన్నాడు. కొనమని మేం అడిగితే హెడ్డాఫీసు వద్దంది. పెద్ద మెషీను కొన్నారు, దానికి కావాల్సిన పనిముట్టు కొనలేదు. నాగలి కొని కర్రు కొననట్టు.

నాతో ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాలొకతె హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేది. నా గోడు విని, తను విజయవాడ వెళ్తున్న రోజున నన్ను నందిగామ బస్టాండుకి రమ్మంది. బస్సు ఆగిన కాస్త వ్యవధిలో కిటికీలోంచి ఫ్లాపీల కవరు నా చేతికందించింది.

"ఎండ తగలనీకే. లోపల సోర్సు ఉంది. నీ మెషీను మీద నువ్వే కంపైలు చేసుకోవాలి. రాలేదని నాకు ఫోన్లు చేస్తే ఊరుకోను."

"ఎవరిదే ఇది? ఎలా కొన్నారు?"

"కొనలేదు. ఎవరో ఒకాయన రాసి ఊరికే అందరికీ ఇచ్చాడు. పైన నాలుగు లైన్లు రాసుకున్నాడు, చదువు" అంది. బస్సు కదిలింది.

సోర్సు అంటే మనుషులు చదవగలిగే రూపం. వండిన కూర కాకుండా, వండే విధానం మొత్తం చేతికిచ్చినట్టు. ఆ నాలుగు లైన్లలో ఆయన తన పేరు, ఊరు రాశాడు. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకివ్వచ్చు, నాకేం ఇవ్వక్కర్లేదు. ఈ లైన్లు మాత్రం తీసెయ్యకండి. మార్చినవాళ్ళు ఏం మార్చారో కింద రాయండి. అంతే ఆయన అడిగింది.

ఫ్యాక్టరీ మెషీను మీద మొదటిసారి కంపైలు చేయబోతే తెర నిండా తప్పులే. ఆయన రాసింది వేరే రకం మెషీను మీద. ఒకే పనికి అక్కడ ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు. మా ఊళ్ళో దోసకాయ అన్నదాన్ని ఇంకో ఊళ్ళో ఇంకేదో అన్నట్టు. అవి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. ఆ పని చేస్తున్నప్పుడే నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఆయన ప్రోగ్రాం తనను తాను కంపైలు చేసుకునేలా రాసుకున్నాడు. కానీ మొదటిసారి కంపైలు చేసుకునేవాళ్ళ దగ్గర ఆ ప్రోగ్రామే ఉండదు కదా? అందుకని అది లేకుండానే మొదటిసారి నడిపించే చిన్న ఫైలు ఇంకొకటి విడిగా పెట్టాడు. ఎక్కడో కూర్చుని, జగ్గయ్యపేట దగ్గర ఎవరో ఒకరికి ఇబ్బంది కలుగుతుందని ముందే ఆలోచించినట్టుంది. ఒక్కోచోట పక్కన రాసిన వివరణ చదువుతుంటే ఎవరో పక్కన కుర్చీ వేసుకుని చెప్తున్నట్టుండేది. ఆ ఫ్యాక్టరీలో నాకెవరూ అంత ఓపిగ్గా ఏదీ చెప్పలేదు.

అన్నీ మార్చినా ఒకచోట పని ఆగిపోయింది. ఉండాల్సిన ముక్క ఒకటి లేదు. ఫ్లాపీ జాబితాలో ఉంది, మెషీనులోకి దించితే లేదు. చాలా రోజులు కొట్టుకున్నాను. ఫ్లాపీయే చెడిందేమో అనుకున్నాను. చివరికి అన్నయ్యగారు నా వెనక నిలబడి చూస్తూ చూస్తూ, "అమ్మాయ్, ఈ రెండు ఫైళ్ళ పేర్లు మొదట్నుంచీ ఒకటే, చివర్లోనే తేడా. మన మెషీను పొడుగు పేర్లు కోసేస్తుందేమో చూడు" అన్నాడు.

అదే. మా మెషీను పేరులో పద్నాలుగు అక్షరాలు దాటితే మిగతావి నోరెత్తకుండా కోసేస్తుంది. కోశాక రెండు పేర్లూ ఒకటయ్యాయి. రెండోది మొదటిదాని మీద కూర్చుంది. లారీ నంబర్లకి పట్టిన రోగమే. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఒక్కో ఫైలునీ విడిగా దించి పొట్టి పేర్లు పెట్టాను. ఆ సాయంత్రమే ప్రోగ్రాం నడిచింది. లారీ నంబరు ఉన్న ఫైల్లో ఒక అక్షరం మార్చి ఆజ్ఞ ఇచ్చాను. ఏవేవి మళ్ళీ కంపైలు చేయాలో అవన్నీ వరసగా తెర మీదకొచ్చాయి. మేం మరిచిపోయిన ఆ ప్రోగ్రాము పేరు కూడా వచ్చింది. అన్నయ్యగారు క్యాంటీను నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. గది బయట, చెప్పుల స్టాండు పక్కన నిలబడి తిన్నాం.

మా కంపెనీకి జిల్లా సరిహద్దు అవతల, నల్గొండ వైపు ఇంకో ఫ్యాక్టరీ ఉంది. అక్కడా ఇదే మెషీను, ఇవే ప్రోగ్రాములు, ఇదే అవస్థ. అక్కడ మా పనే చేసే ఒకాయన ఫోన్లో పరిచయం. వాళ్ళు నాలాగా రోజుల తరబడి కొట్టుకోకూడదని ఒక కట్ట తయారుచేశాను. మా మెషీనుకి సరిపడేలా మార్చిన సోర్సు, కంపైలైన ప్రోగ్రాం, ఒక్క ఆజ్ఞతో అన్నీ వాటి వాటి చోట్లలో పెట్టే చిన్న ఫైలు, సరిగా కూర్చుందో లేదో చూసుకోవటానికి ఒక ఉదాహరణ, ఎలా వాడాలో చెప్పే కాగితం. ఆ కాగితం పైన రాసినాయన నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టు పెట్టి, కింద నేనేం మార్చానో రాశాను. జాగ్రత్తల్లో మొదటిది: "ముందు మెషీను తారీఖు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఇది తారీఖులు చూసే పనిచేస్తుంది." ఫ్లాపీలు పాలిథీన్ కవర్లలో పెట్టి, అంచులు కొవ్వొత్తి మంట దగ్గర పట్టుకుని అతికించాను. ఆ దుమ్ములో అంతకన్నా దారి లేదు.

పంపటానికి మేనేజరు అనుమతి కావాలి. తీసుకెళ్ళాను. ఆయన కాగితం పైపైన చూశాడు.

"ఎవరమ్మా ఈ ఫారినాయన?"

"ఈ ప్రోగ్రాం రాసినాయనండి."

"హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తున్నారు. మన సెక్షన్ తయారుచేసిందని చూపిద్దాం. ఈ పేరు తీసెయ్. ఫ్యాక్టరీ పేరు వెయ్యి. కింద నా పర్యవేక్షణలో అని వెయ్యి."

"మనం తయారుచెయ్యలేదు కదండీ. ఆయన తీసెయ్యద్దని రాశాడు."

"ఆయనేం ఇక్కడికొచ్చి చూస్తాడా?"

"చూడడండి. అయినా తీయకూడదు."

అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "నీ పేరు కూడా ఎక్కడో ఉన్నట్టుందే. నువ్వు చేసింది టైపింగే కదమ్మా. మీకు ఏసీ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టటమే ఎక్కువ. ఇంకా పేర్లు కూడానా?"

మీకు అనటంలో ఆడవాళ్ళకనో, మావాళ్ళకనో ఆయన విడమర్చి చెప్పలేదు. నేనడగలేదు. రెండూ అని నాకు తెలుసు. నా పేరు కావాలంటే తీసెయ్యండి, ఆయనది మాత్రం నేను తీయను అని చెప్పి వచ్చేశాను. అంత కోపం నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు.

నేను తీయనంటే తీసేవాళ్ళు లేరా? మర్నాడు మధ్యాహ్నం అన్నయ్యగారి తెర మీద ఆ సోర్సు కనపడింది. ఆయన ఒక్కో ఫైలూ తెరిచి పైన నాలుగు లైన్లు తీసేస్తున్నాడు. ప్రోగ్రాం మొదలవగానే కనపడే పేరు చోట మేనేజరు పేరు రాస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఇది మీరు చేస్తున్నారా?"

ఆయన తల తిప్పలేదు. "నాకు ఇద్దరు పిల్లలమ్మాయ్."

"మా నాన్నకి నలుగురం."

ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. ఆ రోజు ఎవరి క్యారేజీ వాళ్ళం తిన్నాం.

రెండో ఫ్యాక్టరీకి వెళ్ళిన కట్టలో సోర్సు లేదు. ఉంటే ఎవరిదో తెలిసిపోతుందని మేనేజరు తీయించాడు. వాడే విధానం చెప్పే కాగితమూ తీయించాడు, దాని మీదా రాసినాయన పేరుంది కాబట్టి. వట్టి ప్రోగ్రాం ఒక్కటే వెళ్ళింది. మిగతా మనిషిని వదిలేసి చెయ్యి ఒక్కటి నరికి పంపినట్టు.

హెడ్డాఫీసు పెద్దాయన వచ్చిన రోజున మేనేజరు మొదటిసారి బూట్లు విప్పాడు. తెర ముందు నిలబడి, ఎన్ని నెలలు కష్టపడి తన సెక్షను చేత దీన్ని రాయించాడో చెప్పాడు. నన్ను కూచోబెట్టి నడిపించమన్నాడు. నడిపించాను. పెద్దాయన తలూపి "గుడ్, గుడ్" అన్నాడు. ఇక ఆగలేకపోయాను.

"సార్, ఇది మేనేజరుగారు రాయించింది కాదండి. నేను రాసిందీ కాదు. బయట ఒకాయన రాసి అందరికీ ఇచ్చాడు. మనం మన మెషీనుకి సరిచేసుకున్నాం. ఆయన పేరు ఇక్కడుండాలి, తీసేశారు."

అన్నయ్యగారు నేల వైపు చూస్తున్నాడు. నేను అనుకున్నదేమిటంటే, పెద్దాయనకి కోపం వస్తుంది. మేనేజరు మీదో, నా మీదో. ఎవరి మీద వచ్చినా ఫర్వాలేదు, కనీసం విషయం విషయంగా తేలుతుంది. ఆయనకి కోపం రాలేదు. నా భుజం దగ్గర గాల్లో తట్టినట్టు చెయ్యి ఊపి, "ఎవరు రాస్తే ఏంటమ్మా? పని జరుగుతోందా లేదా?" అని, టీ ఎక్కడ అని అడిగాడు.

నన్ను తిట్టినా అంత రగిలేదాన్ని కాదు. సొంత పేరు మీద ఒక్క అక్షరం తప్పు పడితే ఉత్తరం వెనక్కి పంపే మనుషులు వీళ్ళు. తమ గది తలుపు మీద ఇత్తడి పలక మీద పేరు చెక్కించుకుని, రోజూ తుడిపించుకునే మనుషులు. ఎవరు రాస్తే ఏంటట!

ఇంటికెళ్ళి చెప్తే అమ్మకి సగం అర్థమైంది. బియ్యం ఏరుతూ, "తీసింది నీ పేరు కాదుగా. నీకెందుకే అంత మంట?" అంది.

"నా పేరైతే ఇంత మండేది కాదమ్మా. నేనిక్కడే ఉన్నా, పోట్లాడుకుంటా. ఆయన ఎక్కడో ఉన్నాడు. మనల్ని నమ్మి ఇచ్చాడు."

అమ్మ చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "సరే. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. లేచి అన్నం తిను" అంది.

కొన్నాళ్ళకి అన్నయ్యగారు నా టేబులు దగ్గరకొచ్చి, చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. రెండో ఫ్యాక్టరీలో మళ్ళీ గేటుపాసులు తప్పొచ్చాయట. మనం పంపిన ప్రోగ్రామే కారణమని అక్కడాయన ఫోను చేస్తే, మేనేజరు "మీకు వాడటం చేతకాదు" అని పెట్టేశాడట. "అక్కడ ఆయనకి మెమో ఇచ్చారమ్మాయ్. సస్పెండ్ చేసేట్టున్నారు. నువ్వేమన్నా చెప్పగలవేమో" అన్నాడు. చెప్పి అక్కడే నిలబడ్డాడు, నేనేమన్నా అంటానేమోనని. నేను సెలవు చీటీ కోసం కాగితం తీశాను.

మర్నాడు సెలవు పెట్టాను. ఇంట్లో అల్మారా మీద బిస్కెట్ల డబ్బాలో నా ఫ్లాపీలు, అన్నీ ఉన్న పూర్తి కట్ట, భద్రంగా ఉన్నాయి. వాటిని చీర మడతల మధ్య సంచీలో పెట్టుకుని బస్సెక్కి, కోదాడలో మారి, అవతలి ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఫోన్లో గొంతు విని వయసులో పెద్దవాడనుకున్నాను గానీ, నా ఈడువాడే. కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి.

"ఇది ఎట్ల జేస్తదో అర్థమైతలేదు మేడమ్. నేను ఫైలు మారుస్తున్న. ఇదేమో అంతా సరిగనే ఉంది, చేసేదేం లేదంటది. పాసులేమో పాతవే వస్తున్నయ్. తప్పు నాదేనని మెమో ఇచ్చిన్రు."

"మెషీను తారీఖు చూశారాండీ?"

"తారీఖెందుకు చూస్త మేడమ్?"

చూస్తే, మెషీను ఇంకా ఆ ఫ్యాక్టరీకి రాకముందు ఎప్పటి తారీఖో చూపిస్తోంది. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారీఖు ఏళ్ళ తరబడి వెనక్కి పోతోంది. ఈయన ఇవాళ మార్చిన ఫైలు, ఎప్పుడో పాతదానిలా కనపడుతోంది. కంపైలైనది దానికన్నా కొత్తదని ప్రోగ్రాం నమ్ముతోంది, చేసేదేం లేదంటోంది. దాని లెక్క ప్రకారం అది నిజమే చెప్తోంది.

"ఇది చూసుకోమని మొదటి జాగ్రత్తగా కాగితంలో రాశానండీ."

"ఏం కాగితం మేడమ్? మాకు కాగితం రాలేదు."

రాదు కదా. దాని మీద ఒక మనిషి పేరుంది.

తారీఖు సరిచేసి, అన్నీ ఒకసారి కంపైలు చేయిస్తే పాసులు బాగానే వచ్చాయి. ప్రతి పొద్దునా తారీఖు చూసుకునే అలవాటు పెట్టుకున్నాడు. సోర్సు, కాగితం, మొత్తం కట్ట ఆయన మెషీనులోకి దించి, నాలుగు లైన్లు చూపించాను. ఆయన వాటిని రెండుసార్లు చదివాడు. తర్వాత "గీ మాత్రం అడిగిండు గదా పాపం" అన్నాడు. వాళ్ళ పై ఆఫీసరు దగ్గరికి ఇద్దరం వెళ్ళి జరిగింది చెప్పాం. ఆయన మెమో వెనక్కి తీసుకున్నాడు. పొరపాటైందని మాత్రం అనలేదు. బ్యాటరీ కొత్తది తెప్పిస్తానన్నాడు.

తిరిగొచ్చాక నా మీద వచ్చిన ఆరోపణ వినండి. అనుమతి లేకుండా కంపెనీ సాఫ్ట్‌వేరు బయటికిచ్చానట. కంపెనీది కాని దాన్ని, కంపెనీదే అయిన ఫ్యాక్టరీకి ఇస్తే, కంపెనీ ఆస్తి బయటికి పోయిందట! ఆ మాట మేనేజరు మొహం మాడ్చుకుని, నిజంగా ఏదో పోగొట్టుకున్నవాడిలా చదివాడు. దొంగసొత్తుని ఎవరో దొంగిలించారని ఫిర్యాదు చేసినవాడి సంగతి కథల్లో విన్నాను. ఆ పూట ఎదురుగా చూశాను. ఆయన బల్ల ముందు నిలబడి, "ఇది మీదని మీరు ఏ నోటితో అంటున్నారు సార్?" అని అడిగాను. బయట ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. ఆయన చదివిన కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. నన్ను కాటాకి మార్చారు.

కాటా అంటే లారీలు తూచే చోటు. రేకుల గది. ఏసీ లేదు, దుమ్ముకి అడ్డూ లేదు. వచ్చే బండి, వెళ్ళే బండి తూకం రాయటం పని. డ్రైవర్లు "కాటా మేడమ్" అనేవాళ్ళు. వాళ్ళు మంచివాళ్ళు, నాకు వాళ్ళతో ఏ ఇబ్బందీ రాలేదు. ఎమ్మెస్సీ లెక్కలు చదివినదాన్ని అక్కడ కూర్చోబెట్టి, కిటికీ అద్దంలోంచి చూస్తూ వెళ్ళేవాళ్ళ మీదే ఉండేది నా మంట. అన్నయ్యగారు ఒకసారి క్యారేజీ పట్టుకుని వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. గోంగూర పచ్చడి వడ్డించబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన డబ్బా మూత పెట్టి, ఎండలోనే తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు జాలి ఉంది, కానీ ఆ రోజున తినాలనిపించలేదు.

ఆ వేసవి తర్వాత నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు ఉద్యోగం దొరికితే ఫ్యాక్టరీ మానేశాను. మేనేజరుకి హెడ్డాఫీసులో ఇంకా పెద్ద కుర్చీ వచ్చింది. తెర మీద పేరు వేసుకున్నవాడికి రాక ఇంకెవరికి వస్తుంది?

అవతలి ఫ్యాక్టరీ ఆయన ఒకసారి విజయవాడ వెళ్తూ నందిగామలో దిగి, అడుగుతూ అడుగుతూ మా కాలేజీకి వచ్చాడు. స్టాఫ్‌రూములో టీ ఇప్పించాను. ఆయన నేనిచ్చిన సోర్సు నుంచి ప్రోగ్రాముని మళ్ళీ కంపైలు చేసుకున్నాడట. వాళ్ళ ఫ్యాక్టరీ తెర మీద రాసినాయన పేరు, నాలుగు లైన్లూ కనపడతాయట. ఆమధ్య మా పాత మేనేజరు హెడ్డాఫీసు తరఫున తనిఖీకి వచ్చి అది చూసి, వెంటనే తీసెయ్యమన్నాడట.

"నేనేమన్న తెలుసా మేడమ్? సార్, తీస్తే ప్రోగ్రాం ఆగిపోతది. గా లైన్ల మీదనే నడుస్తది, లారీలన్నీ ఆడనే ఆగుతయ్ అన్న. మొఖం తెల్లగైంది. అయితే ఉండనీయ్ అని పోయిండు."

స్టాఫ్‌రూములో ఉన్న మిగతా లెక్చరర్లు గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నవ్వుతలేరేంది మేడమ్?"

"మీరు మంచి పని చేశారండీ. కానీ ఒక మనిషి రాసినదాని మీద ఆ మనిషి పేరు ఉండనివ్వటానికి మీరు అబద్ధం ఆడాల్సొచ్చింది చూశారా, దానికి ఒళ్ళు మండుతోంది నాకు."

ఆయన గ్లాసు కింద పెట్టి, "నాకూ మండుతది మేడమ్. కానీ నిజం చెప్తే తీపిచ్చేటోడు గద" అన్నాడు.

బెల్లు కొట్టారు. ఆయన్ని గేటు దాకా సాగనంపి క్లాసుకెళ్ళాను. సుద్దముక్క పట్టుకుంటే విరిగింది, ఇంకోటి తీసుకుంటే అదీ విరిగింది. ఆ పూట ఏ తప్పూ చేయని పిల్లల మీద ఊరికే కసురుకున్నాను.